ఇంటి వాటా

వేరుశనగల వ్యాపారి ఎంగిలిచేత్తో కాకిని తోలే మనిషి కాదు. కాయ వలిచాక నిగనిగలాడే గింజలు అమ్మకానికి పోయేవి. ముడుచుకుపోయినవీ, రంగు మారినవీ, బూజు సోకినవీ ఇంటి వాటా. భార్య వాటిని కడిగి, వేయించి డబ్బాకెత్తితే ఆయన పొద్దునా సాయంత్రం గుప్పెడేసి నోట్లో వేసుకునేవాడు.

కాలేయంలో హెపటైటిస్ బి తిష్ట వేసిందని తెలిసిన నాటి నుంచీ రోజూ మింగాల్సిన బిళ్ల మానలేదు, ఆరునెలలకోసారి స్కానింగూ ఎగ్గొట్టలేదు. ఈసారి కూడా గడ్డలేవీ లేవని డాక్టరమ్మ చెప్పేసరికి మీసం దువ్వుకున్నాడు. తిండి సంగతి అడిగితే తన పొదుపు కథ గొప్పగా వినిపించాడు. ఆవిడ రాస్తున్న పెన్ను ఆపేసింది.

“ఆ బూజులో క్యాన్సర్ తెచ్చే విషం ఉంటుందండీ. ఎవరికైనా చెడ్డదే. మీ జబ్బున్నవాళ్లకి గోరుచుట్టు మీద రోకలిపోటు.”

వేయించే తింటున్నామని వెంట వచ్చిన భార్య అడ్డొచ్చింది. కడిగినా, వేయించినా ఆ విషం పూర్తిగా పోదట. బిళ్ల, స్కానింగ్ వీధి గుమ్మంలో కాపలా కాస్తుంటే, ఈయనే పెరటి తలుపు తీసి పెడుతున్నాడంది డాక్టరమ్మ.

ఇల్లు చేరగానే భార్య డబ్బా నేలమీద బోర్లించింది. వ్యాపారి ప్రాణం గిలగిల్లాడింది. పోనీ గేదెకు పెడదామన్నాడు. గేదె తింటే ఆ విషం పాలలోకీ దిగుతుందని, ఆ మాట డాక్టరమ్మని అడిగే వచ్చానని ఆమె కొట్టిపారేసింది.

“అయితే చవగ్గా ఎవరికైనా అమ్మేస్తావా?” అంది, మొగుడి మొహంలోకి చూస్తూ.

వ్యాపారికి రోషం వచ్చింది. “మా నాన్న నాటి నుంచీ ఈ గడప దాటి చెడ్డ గింజ పోలేదే.”

“మరి గడప లోపలివాళ్లం ఏం పాపం చేశాం?”

ఆయన లేచి పార అందుకున్నాడు. ముక్కుకు గుడ్డ కట్టుకుని, పెరట్లో గొయ్యి తీసి, తానే అంతా పూడ్చాడు. ఆ సాయంత్రం మేలురకం కుప్పలోంచి ఇంటికి గింజలు కొలుస్తూ, దోసిట్లోంచి నాలుగు గింజలు వెనక్కి జార్చాడు. భార్య పక్కనే నిలబడి, ఇంకో దోసెడు పోయించుకుంది.

పై పంటకు బావమరిది కాయ బండి తోలుకొచ్చాడు. వ్యాపారి బస్తాలో చెయ్యి పెట్టి చూసి, తడి ఆరలేదని, ఇట్లా కుప్ప పోస్తే బూజు ఖాయమని, ఎండబెట్టి తెమ్మని చెప్పాడు.

“డాక్టరువి ఎప్పుడయ్యావు బావా?” అని వెటకరించాడు వాడు.

“రోగినిరా. డాక్టరు కంటే నాకే ఇవి తెలియాల్సిన అవసరం ఎక్కువ.”

బావమరిది ఒక కాయ చిదిమి గింజ కొరికాడు. పంటికింద కరకరమనలేదు, మెత్తగా నలిగింది. బండి వెనక్కి తిప్పాడు.