మైనం కరిగిన మల్బరీ బద్ద

విల్లులవాడు చెట్టు మీద అరచెయ్యి వేస్తే చాలు, లోపల విల్లుందో లేదో చెప్పేసేవాడు. నలభై ఏళ్లలో ఆ చెయ్యి ఒక్కసారి కూడా తప్పలేదు. చెట్లే వంగి ఆయనకు దండం పెట్టేవని కూడా అందును గానీ, మీరు నమ్మరు.

బెరడు మెలితిరిగిన చెట్టు జోలికి ఆయన పోడు. పైన మెలిక ఉంటే లోపలి నారలోనూ ఉంటుంది. అలా ఏరి ఏరి నాలుగేళ్ల కిందట ఒక మల్బరీ మొద్దు తెచ్చాడు. రంపం తగలనివ్వకుండా, మేకులు దిగ్గొట్టి నార వెంబడే చీల్చాడు. నాలుగు బద్దలొచ్చాయి. మూడు పురుగు తిన్నవి. ఇదుగో, నేను చెప్పిన గొప్ప ఇక్కడే గాల్లో కలిసింది. ఆ చెయ్యి శుభ్రంగా తప్పేది. తప్పినవన్నీ పొయ్యిలోకి పోయేవి కాబట్టి సాక్ష్యం లేదు, అంతే.

మిగిలిన బద్ద మాత్రం నిఖార్సైనది. కొసల్లోంచి తడి ముందే పోతే చెక్క పగులుతుందని రెండు కొసలకూ మందంగా మైనం పూసి, మంచం కిందికి తోశాడు. ఆరేళ్లు ఆరాలి. చేసిన ప్రతి విల్లూ ఎవరో ఒకరు పట్టుకుపోయారు, ఇదొక్కటీ మనింట్లో ఉండాలని భార్య పట్టుబట్టింది.

చెక్కకింకా రెండేళ్లు కావాలి. ఆయన కళ్లకు మాత్రం ఏడాదికి మించి గడువు లేదని డాక్టరు తేల్చేశాడు. విల్లు బయటి వైపు ఈ కొస నుంచి ఆ కొస దాకా చెట్టు ఏడాదికొకటిగా వేసుకునే వలయాల్లో ఒకే ఒక్కటి, ఎక్కడా తెగకుండా చెక్కాలి. వెంట్రుకంత లోతుకు కత్తి దిగినా విల్లు విరుగుతుంది. అది చూపున్నవాడి పని.

"తొందరైతే చీపురుపుల్లతో చేసుకోండిరా" అని శిష్యుల్ని తరిమేసిన మనిషి, బద్దను చంకన పెట్టుకుని బావమరిది రొట్టెల బట్టీకి వెళ్లాడు.

"ఏం బావా, దీని మీద నువ్వులు చల్లి కాల్చమంటావా?"

"నోర్ముయ్యి. బట్టీ పైన అటక మీద పెట్టు, ఆ వేడికి త్వరగా ఆరుతుంది. దీనికేమన్నా అయితే మీ అక్క ఊరుకోదు."

"నలభై ఏళ్లు నీతో వేగింది, బద్దతో వేగలేదా?"

ప్రతి శనివారం పిండి తూచే త్రాసులో బద్దను తూచేవారు. బరువు తగ్గడం ఆగితే ఎండినట్టు లెక్క. చేతి చెమట చెక్కకు తగలకూడదని ఆయనకొక పట్టింపు. బావమరిదే గుడ్డతో పట్టుకుని తూచేవాడు, ఆయన పిండి బస్తా మీద కూర్చుని అంకె వినేవాడు.

ఐదో శనివారం బావమరిది కేకేశాడు. "ఆగింది బావా! పోయిన వారం ఎంతో ఇప్పుడూ అంతే!"

ఆయన గబగబా వచ్చి, పసిబిడ్డను అందుకున్నట్టు బద్దను అందుకున్నాడు. నిమురుతూ నిమురుతూ కొస దగ్గర ఆగాడు.

"మైనమేదిరా?"

"మైనమా? రోజూ కింద చుక్కలు పడుతుంటే వెన్న అనుకున్నానే! తుడిచేశాను."

వేడికి మైనం కరుగుతుందని ఎవరికి తెలీదు? ఆయనకూ తెలుసు. కళ్ల సంగతి తప్ప ఇంకేదీ బుర్రకెక్కని రోజులవి. మైనం పోయిన కొస పగిలింది. ఆయన బొటనవేలు ఆ పగులు వెంబడి పోతూ పోతూ, నడుమ చేత్తో విల్లు పట్టే చోటు కూడా దాటింది.

"పోనీ, పొట్టి విల్లు చెయ్యరాదూ?"

"దోమల్ని వేటాడటానికా?"

ఇంటికి చేరేసరికి భార్య గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఎండిందా అండీ?"

"ఎక్కడే! పచ్చిగానే ఉంది. ఇంకో రెండేళ్లు పడుతుంది."

ఆయన మంచం మీద పెట్టిన బద్ద మీద పగులు గోరు దూరేంత వెడల్పున నోరు తెరుచుకుని ఉంది. ఆవిడ కళ్లకేం, బాగానే ఉన్నాయి. "సరేలెండి, ఆగుదాం. మనకేం తొందర?" అంది.

ఈ చివరి మాట నా కల్పన. అలా అని ఉంటే బాగుండేదని చేర్చాను. ఆవిడ బద్ద కేసి చూసింది, ఆయన కేసి చూసింది, లోపలికి వెళ్లిపోయింది.