నేలకు తగిలిన బంతి

పీపాలు బిగించే పని మానుకుని లెమ్యుయెల్ ప్రౌట్ జీతానికి బేస్‌బాల్ ఆడటానికి చేరింది పద్దెనిమిది వందల డెబ్బై తొమ్మిదిలో. ఆ ఉద్యోగం పదకొండు ఆటలు నిలిచింది. పన్నెండో ఆట లేకుండా చేసింది అతని చేతులు కావు, నోరు.

ఆ పదకొండో ఆట రోజు ప్రౌట్ ఆడే మార్లో ఫెర్రీ జట్టు ఒక్క పరుగు ముందుంది. అవతలివాళ్ళు ఇద్దరు పరుగు మధ్యలో ఆగే బేసుల మీదున్నారు. ఇంకొక్కడు అవుటైతే గెలిచినట్టే. కొట్టిన బంతి కిందుగా దూసుకొచ్చింది. ప్రౌట్ ముందుకు దూకి, బోర్లాపడి, వట్టి చేతులతో పట్టాడు. ఆ లోపల బేసుల మీది ఇద్దరూ పరిగెత్తి, పరుగు పూర్తయ్యే ఇంటి బేసు తొక్కేశారు. అయినా బంతి నేల తాకకముందే పట్టాడనుకుని జనం టోపీలు ఎగరేశారు.

అంపైరు విట్‌కోంబ్‌కు దుమ్ములో ఏమీ కనిపించలేదు. కనిపించనప్పుడు ఆటగాణ్ణే అడగడం అప్పటి పద్ధతి. ఆయన పొడుగు టోపీ చంకలో పెట్టుకుని దగ్గరికొచ్చాడు.

"ప్రౌట్ గారూ, బంతి నేరుగా చేతిలో పడిందా?"

"లేదండీ. ముందు నేలకు తగిలింది."

ఆ ఇద్దరి పరుగులూ లెక్కకొచ్చాయి. ఆట పోయింది.

"ఒరే దరిద్రుడా, నిన్నెవడు నోరు విప్పమన్నాడ్రా?" కెప్టెన్ గారిటీ మీదికొచ్చాడు.

"ఆయన అడిగాడుగా!"

"అడిగితే? గుర్రాలమ్మేవాణ్ణి గుర్రం వయసడిగితే నిజం చెబుతాడా?"

మర్నాడు క్లబ్బు అధ్యక్షుడు స్ట్రౌడ్ పిలిపించాడు. "ఎవరికి అమ్ముకున్నావోయ్ ఆటని?"

ప్రౌట్‌కు ఒళ్ళు మండిపోయింది. పోయిన వారం ఆటలో అంపైరు ఇలాగే అడిగినప్పుడు గారిటీ పచ్చి అబద్ధం చెబితే, ఇదే గదిలో అతని చుట్ట వెలిగించింది ఈ స్ట్రౌడే!

స్ట్రౌడ్ వేలు చూపించాడు. "పొరపాటున అలా అన్నానని పేపర్లో వేయించు. లేదా నీ పేరు అన్ని జట్లకూ పంపిస్తా. ఎక్కడా అడుగు పెట్టనివ్వరు."

ప్రౌట్ కుడిచేయి బల్లమీద పెట్టాడు. చూపుడువేలు నల్లగా వాచి వంకరపోయింది. "నేలకు తగిలి లేచిన బంతి విరిచిన వేలండీ ఇది. అమ్ముకున్నవాడు వేలు విరగ్గొట్టుకుని మరీ పట్టుకుంటాడా?"

స్ట్రౌడ్ కిటికీ వైపు తిరిగి, గుమాస్తాను ఉత్తరాలు రాయమన్నాడు.

వారం తిరక్కుండానే విట్‌కోంబ్ పీపాల కొట్టుకొచ్చాడు. ప్రౌట్ వేలికి చెక్క కట్టుకుని ఎడమచేత్తో సుత్తి పట్టుకున్నాడు.

"నేనడక్కుండా ఉండాల్సింది నాయనా."

"అడగడం తప్పు కాదండీ. నేను నిజమే చెప్పానని ఒక్క ముక్క రాసివ్వండి, చాలు. నా ఆట నాకు దక్కుతుంది."

విట్‌కోంబ్ టోపీ అంచును వేళ్ళతో తిప్పుతూ నిలబడ్డాడు. "రాస్తే వాళ్ళు నన్ను మళ్ళీ పిలవరయ్యా."

"మరి నన్నెందుకు అడిగారు?" ప్రౌట్ అరిచాడు. "అంతమంది ముందు, టోపీ తీసి మరీ, నన్నెందుకు అడిగారండీ?"

ఆయన టోపీ నెత్తిన పెట్టుకుని గుమ్మం వైపు తిరిగాడు. ప్రౌట్ ఇనుప పట్టీ మీద సుత్తితో బలంగా కొట్టాడు. విట్‌కోంబ్ గుమ్మం దాటి వెళ్ళేదాకా కొడుతూనే ఉన్నాడు.