మొదటి బిళ్ల

మా ఎల్లర్‌బాఖ్‌కు ఊరి చిహ్నం ఒకటి కావలసి వచ్చింది. ఊరి సభలో మేయర్ బుర్ఖార్డ్ సింహం బొమ్మ తెచ్చి చూపించాడు. మా ఊళ్లో సింహాన్ని చూసినవాడెవడు? నాకు ఒళ్లు మండింది.

"రొట్టెలు పొయ్యిలోకి తోసే తెడ్డు పెట్టండి," అన్నాను.

"తెడ్డా! పక్క ఊరివాళ్లు వంటోళ్ల ఊరంటారు రోస్విత పిన్నీ!"

"అననీరా. ఆ పొయ్యే లేకపోతే నేనీపాటికి మట్టిలో ఉందును."

యుద్ధం అయ్యాక అమ్మ నన్ను చంకనేసుకుని కట్టుబట్టలతో ఇక్కడికి చేరింది. ఊరందరికీ ఒకటే పొయ్యి, ఎవరి కట్టెలు వాళ్లవి. చల్లారిన పొయ్యిని మొదట రాజేసేవాళ్లకు మోపులకు మోపులు కావాలి. తర్వాతివాళ్లకు కాసిని పుల్లలు చాలు. అందుకే గీతలు చెక్కిన చెక్క బిళ్లలు సంచిలో వేసి, తలా ఒకటి తీసి వంతులు తేల్చుకునేవాళ్లు. ఒక్క గీత వస్తే మొదటి వంతు. అమ్మకున్నవి అడవిలో ఏరుకున్న పుల్లలే. ఆ బిళ్ల వస్తే ఆ వారం మాకు రొట్టె లేనట్టే.

"మా అమ్మకు ఆ ఒక్క గీత బిళ్ల ఒక్కసారీ రాలేదు. ఏం అదృష్టమో!" అన్నాను.

వెనక బెంచీ మీద ఫోల్క్‌మార్ పకపకా నవ్వాడు. బిళ్లల సంచి పట్టుకునే ఓటిలీ అవ్వ కొడుకు, నాకంటే పెద్దవాడు.

"అదృష్టమా, నా మొహమా! సంచిలో ఉంటే కదా రావడానికి? మా అమ్మ ముందే గుప్పిట్లో దాచేసేది. అందరూ తీశాక 'ఖర్మ, మళ్లీ నాకే' అని సణిగేది. ఆ కట్టెలు మోసి మోసి నా నడుం పడిపోయింది!"

అమ్మ బతికున్నన్నాళ్లూ ఓటిలీ అవ్వను చూసి జాలిపడేది. "పాపం, ఎప్పుడూ ఆవిడకే తగులుతుంది" అనేది.

లేచి వెళ్లి ఫోల్క్‌మార్ చేతులు పట్టుకున్నాను. కళ్లలో నీళ్లు ఆగలేదు.

"ఇన్నేళ్లూ చెప్పలేదేం అన్నయ్యా?"

"చెబితే మీ అమ్మ ఒప్పుకునేదా? అసలే అభిమానం మనిషి. నోరు విప్పితే చంపుతానంది మా అమ్మ."

ఓటిలీ అవ్వకు దండం పెట్టడానికి ఆవిడ లేదు. అమ్మా లేదు. బుర్ఖార్డ్ సింహాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇప్పుడు మా ఊరి చిహ్నంలో తెడ్డు, దాని కింద ఒక్క గీత బిళ్ల ఉన్నాయి. ఆ బిళ్లేమిటని కొత్తవాళ్లు అడుగుతుంటారు. మా అమ్మ చేతికి ఎన్నడూ రానిది అని చెబుతాను.