చెవి మేస్త్రి బిగించిన పొగగొట్టం

చెవి మేస్త్రి చెవి సంగతి తెలియనివాడు ఆ వీధిలో పుట్టలేదు. చీమ తుమ్మితే ఆడచీమో మగచీమో చెప్పేవాడు. మూడు వీధుల అవతల ఏ బండికో ఒక బోల్టు పావు చుట్టు వదులైతే, ఇక్కడ ముద్ద నోటిదాకా తెచ్చి ఆపి, "ఎవడి బండో ఏడుస్తోందర్రా" అనేవాడు. అటువంటి చెవి అంతకుముందు లేదు, ఇకముందు ఉండబోదు. ఇది రాసిపెట్టుకోండి.

బండ్ల పొగగొట్టాలు కోసి అతకడం ఆయన పని. మిగతా మేస్త్రీలు అతికిన చోట సబ్బునీళ్ళు పూసి, బుడగ లేస్తుందేమోనని గుడ్లప్పగించి చూస్తారు. ఈయనకి ఆ బాధ లేదు. ఇంజను నడిపించి, గొట్టం మూతికి తడిగుడ్డ కుక్కి, కిందకి దూరి జాయింటు పక్కన చెవి పెడతాడు. పొగ ఎక్కడన్నా దొంగదారి పట్టిందా, బుస్సుమంటుంది. అనకపోతే పని అయిపోయినట్టే.

ఆయన దగ్గరికి అల్లుడు ఒక పాత మిలటరీ లారీ తోలుకొచ్చాడు. సైన్యం వాళ్ళు వాడి, అరగదీసి, వదిలేసిన బండి. పెట్రోలు తాగే రకం. అల్లుడు వడ్రంగి. ఏడాదిపాటు కూర్చుని ఆ లారీ వెనక భాగాన్ని చక్కటి గదిగా మార్చాడు. రెండు పడకలు, మడతబల్ల, చేతులు కడుక్కోడానికి ఒక తొట్టి, అరచేయంత కిటికీ.

"చీమ దూరే సందు చూపించండి మామయ్యా, నా ఉలి మీకిచ్చేస్తా," అన్నాడు.

"నీ ఉలి నాకెందుకు, వీపు గోక్కోడానికా? పని చెప్పు."

"ఈ సైలెన్సరు డబ్బా పీకేయండి. గొట్టాన్ని గది కిందనుంచి తిప్పి, క్యాబిన్ వెనకగా ఆకాశంలోకి లేపండి. మిలటరీ బండి మూలిగితే ఏం బావుంటుంది? గర్జించాలి."

"గర్జించేవాటికి మేత ఎక్కువ, అల్లుడూ."

"మేపుకుంటాలెండి."

రెండు రోజులు పట్టింది. గది నేల కింద పడుకుని జాయింటు బిగిస్తుంటే, సరిగ్గా దాని మీదే బొటనవేలు పట్టేంత కంత కనపడింది మేస్త్రికి. తొట్టి నీళ్ళు పోవడానికి అల్లుడు వేసిన కంత. దానికింకా గొట్టం పెట్టలేదు. చూశాడు. నా జాయింటు గట్టిగా ఉంటే ఏ కంతతో నాకేం పని అనుకున్నాడు. మూడో రోజు పొద్దున్న తడిగుడ్డ కుక్కి, చెవి పెట్టి, "కిక్కురుమనడం లేదు. బయల్దేరండి," అని బయటికొచ్చి చేతులు దులుపుకున్నాడు.

కూతురూ అల్లుడూ ముందు క్యాబిన్‌లో ఎక్కారు. తొమ్మిదేళ్ళ మనవరాలు మాత్రం కొత్త గదిలోనే పడుకుంటానని పేచీ పెట్టింది. ప్రయాణం సంబరంలో రాత్రంతా కన్ను మూయలేదు మరి. "దుమ్ము రాకుండా లోపల గడియ పెట్టుకోవే," అంది తల్లి. లారీ గర్జించింది. గోడల మీది సున్నం రాలింది. కొండదారి మీదుగా అల్లుడి చెల్లెలి ఊరికి ప్రయాణం.

అరగంట గడిచింది. మేస్త్రి తన స్కూటరు పక్కన పీట వేసుకుని పళ్ళు కుట్టుకుంటున్నాడు. భార్య గుమ్మంలోంచి కేకేసింది.

"ఏవయ్యా, ఆ వెనక చక్రం పాములా బుసకొడుతుంటే పక్కనే కూర్చుని ఏం చేస్తున్నావు?"

"ఏది?"

"నీ మోకాలి పక్కనే! ఇక్కడికి వినపడుతోంది."

మేస్త్రి వంగి చక్రానికి చెవి ఆనించాడు. ఏమీ లేదు. రెండో చెవి ఆనించాడు. ఏమీ లేదు. వేలు తడిచేసి టైరు చుట్టూ తిప్పాడు. ఒకచోట వేలు చల్లబడింది. గాలి జోరుగా పోతోంది. ఆయనకి మాత్రం లోకం దుప్పటి కప్పుకున్నట్టుంది.

ఇప్పుడు నేను మొదట కొట్టిన గొప్పలు వెనక్కి తీసుకుంటాను, ఏమనుకోకండి. రాసిపెట్టుకుంటే కొట్టేయండి. చీమ దాకా ఎందుకు, గుమ్మంలో పిల్లి అరిచినా ఆయనకి వినపడి నాలుగేళ్ళయింది. నలభై ఏళ్ళు ఇనుము మీద సుత్తి దెబ్బలు పడ్డ చెవులు అవి. లావు చప్పుళ్ళు వినపడేవి, మనిషి ఎదురుగా ఉంటే పెదాలు చూసి అందుకునేవాడు. సన్నటివి మాత్రం ఎప్పుడో పోయాయి. పెళ్ళాం మాట వినపడకపోవడం మగవాళ్ళలో రోగం కింద లెక్క కాదు కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. తనకే అప్పుడప్పుడూ వచ్చేది. వచ్చినప్పుడల్లా దాన్ని తరిమేసేవాడు.

ఇవాళ అది తరిమితే పోలేదు. కిక్కురుమనడం లేదు అని పొద్దున్న తనే అన్నాడు. కిక్కురుమనకపోయింది ఏది? జాయింటా, తన చెవులా?

వయసులో ఉండగా ఒక డ్రైవరును చూశాడు ఆయన. షెడ్డు తలుపులు మూసి, ఇంజను నడుస్తుండగా క్యాబిన్‌లో పడుకున్నాడు. మర్నాడు తలుపు తీస్తే, బుగ్గలు ఎర్రగా, పెళ్ళికొడుకులా పడుకునే ఉన్నాడు. మళ్ళీ లేవలేదు. ఆ పొగలో కంటికి కనపడని విషం ఒకటుంటుంది. దగ్గించదు, లేపదు. నిద్రపోయేవాళ్ళని ఇంకా జోకొడుతుంది.

బొటనవేలు పట్టేంత కంత. చీమ దూరని గది. లోపల గడియ.

"నాకా బుస వినపడలేదే," అన్నాడు భార్యతో. "పొద్దున్న... లారీ కింద కూడా అంతే."

ఆవిడ ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూసింది. "ఎన్నాళ్ళనుంచి?"

"చాలా రోజులైంది."

తిట్టలేదు. ముందు కూతురికి ఫోన్ చేసింది. మోగింది, మోగింది, ఆగింది. అల్లుడికి చేసింది. అదీ అంతే. ఆ గర్జనలో ఫోను మోత ఎవరికి వినపడుతుంది? పంపు తెచ్చి చక్రానికి తనే గాలి కొట్టింది. కొట్టి, చీర కుచ్చిళ్ళు దోపుకుని వెనక ఎక్కింది.

"నువ్వెక్కడికి?"

"వెనకొచ్చేవాళ్ళ హారన్ ఎవరు వింటారు, మీ తాతా? పోనీ!"

ఊరు దాటారు. వంతెన దాటారు. సున్నపురాయి గని దాటారు. ప్రతి మలుపులో లారీ ఉంటుందనుకోవడం, లేకపోవడం. అరగంట ముందు పోయినవాళ్ళు. పిల్ల నిద్రపోయి ఎంతసేపయి ఉంటుందో అని లెక్క మొదలుపెడతాడు, సగంలో భయపడి వదిలేస్తాడు. వెనక చక్రం మెత్తబడి స్కూటరు తాగినవాడిలా తూలుతోంది. దిగి గాలి కొట్టే ఓపిక లేదు, తీరికా లేదు.

కొండ ఎక్కేచోట కనపడింది లారీ. నిండు గర్భిణిలా ఒక్కో అడుగూ వేస్తూ ఎక్కుతోంది. పైకి లేపిన గొట్టం నుంచి పొగ సన్నగా వస్తోంది. రావలసిన మిగతా పొగ ఎక్కడికి పోతోందో మేస్త్రికి ఎవరూ చెప్పనక్కర్లేదు. పక్కకి వెళ్ళి కేకలేశాడు. అల్లుడు కొత్త చప్పుడుకి మురిసిపోతూ స్టీరింగు మీద తాళం వేస్తున్నాడు. మేస్త్రి ముందుకెళ్ళి స్కూటరు అడ్డంగా పడేసి రోడ్డు మధ్య నిలబడ్డాడు. లారీ ముట్టె ఆయన గుండెకి మూరెడు దూరంలో ఆగింది.

"మామయ్యా! పిచ్చి పట్టిందా?"

మేస్త్రి లారీ వెనక్కి పరిగెత్తాడు. తలుపు బాదాడు. "అమ్మలూ! గడియ తియ్యి!"

లోపలనుంచి జవాబొస్తే తనకి వినపడదు. ఆ సంగతి అప్పుడే గుర్తొచ్చింది. అందుకని తలుపుని చూడటం మానేసి భార్య ముఖం చూశాడు. పిల్ల పలికితే ఆ ముఖానికి ముందు తెలుస్తుంది. బాదాడు, చూశాడు. ఆ ముఖం కదల్లేదు. అల్లుడు ఇంజను ఆపాడు. మళ్ళీ బాదాడు, మళ్ళీ చూశాడు. నలభై ఏళ్ళ కాపురంలో ఆ ముఖాన్ని అంత చదివింది లేదు. అందులో ఒక్క అక్షరం లేదు.

పానాతో కిటికీ అద్దం పగలగొట్టి, చెయ్యి దూర్చి గడియ లాగాడు. చెయ్యి చీరుకుపోయింది, తెలియలేదు. పిల్ల పడక మీద పక్కకి తిరిగి పడుకునుంది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి.

ఎత్తుకుని రోడ్డు పక్క గడ్డిలో పడుకోబెట్టారు. తల్లి పేరు పెట్టి పిలుస్తోంది. అల్లుడు చెక్కలా నిలబడిపోయాడు. మేస్త్రి పిల్ల రొమ్ము మీద చెయ్యి వేశాడు. తన చెయ్యే వణుకుతుంటే పిల్ల ఊపిరి ఏది, తన వణుకు ఏది? ఎంతసేపో తెలియదు. పిల్ల కళ్ళు తెరిచి, తాతని చూసి, ఆయన చొక్కా నిండా వాంతి చేసుకుంది. పెదాలు కదిలాయి.

"తల పగిలిపోతోందంటోంది," అంది భార్య, ఏడుస్తూ.

ఆ దారినే వస్తున్న కారు ఆపి ఆస్పత్రికి తీసుకెళ్ళారు. సాయంత్రం దాకా ముక్కుకి ఆక్సిజన్ పెట్టారు. చీకటిపడకముందే పిల్ల లేచి కూర్చుని, కిటికీ అద్దం ఎవరు పగలగొట్టారని నిలదీసింది.

అల్లుడు వెళ్ళి లారీ తెచ్చుకున్నాడు. తెచ్చేముందు కింద దూరి చూశాడట. జాయింటు చుట్టూ కాటుక పెట్టినట్టు మసి. ఆస్పత్రి వరండాలో మామగారి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"మీరు చెవి పెట్టి విన్నారు కదా మామయ్యా?"

"పెట్టాను. వినలేదు," అన్నాడు మేస్త్రి. "నాకు వినపడదు అల్లుడూ. నాలుగేళ్ళుగా దాచాను."

ఇదంతా నిజమే, ఒక్కటి తప్ప. చీమ సంగతి కాదు, అది మీరెలాగూ నమ్మలేదు. వరండాలో మేస్త్రి అన్న ఆ మాటలు నేను కల్పించాను. ఆయన నిజంగా అన్నది, "గతుకులకి వదులై ఉంటుంది అల్లుడూ," అని. పక్కనున్న భార్య గోడకేసి చూసింది. మూడు రోజుల తర్వాత కొత్త జాయింటు బిగించాక, అల్లుడు ఇంజను నడిపించి, తడిగుడ్డ తనే కుక్కి, "వినండి మామయ్యా," అన్నాడు. మేస్త్రి లారీ కింద చాలాసేపు పడుకున్నాడు. తర్వాత పక్కకి జరిగి, చోటిచ్చి, "నువ్వొచ్చి విను," అన్నాడు. అంతకంటే ఆయన నోట ఇంకో ముక్క రాలేదు. మనిషి మంచివాడు కదా అని, మూడు రోజులు ముందుగా నేనే చెప్పించాను.