మైనస్ పక్కన వాలుగీత

నేను ఒక మీటను. కీబోర్డులో ఎంటర్‌కు పైన, వెనక్కి వాలిన గీత ఒకటి నుదుటన రాసుకుని కూర్చుంటానే, ఆ మీటను. నన్ను చూసే ఉంటారు, నొక్కి ఉండరు. ఎక్కడో దూరదేశపు ఫ్యాక్టరీలో అక్షరాలన్నీ నాతోపాటే అచ్చులోంచి ఊడిపడ్డాయి. వాటికి పని దొరికింది, నాకు దొరకలేదు.

మొదటి యజమాని భీమవరంలో శుభలేఖలు వేసే డీటీపీ షాపాయన. ఎందరి పెళ్లిళ్లో నా చుట్టుపక్కలే జరిగిపోయాయి గానీ, నా మీద దుమ్మూ మిరపకాయ బజ్జీ నూనే తప్ప వేలు పడలేదు. ఆయన షాపు ఎత్తేసినప్పుడు కీబోర్డును జయచంద్ర తెచ్చుకున్నాడు. అతనిది ఇంటి నుంచే ఏదో కంపెనీకి ప్రోగ్రాములు రాసే ఉద్యోగం. ఇల్లంటే అన్న ఏడుకొండలు, వదిన వీరవేణి లీజుకు తీసుకున్న రొయ్యల చెరువు గట్టు మీది రేకుల షెడ్డే.

అతను రాసే భాష అంకెల వరుసను మొత్తంగా ఒకేసారి చేతిలోకి తీసుకుంటుంది. అందులో నాకు గొప్ప ఉద్యోగమే దొరికింది. ప్లస్ పక్కన నన్ను పెడితే వరుస వెంట నడిచి, ప్రతి అంకె దగ్గరా ఆగి 'ఇంతవరకు ఇంత' అని చెబుతాను. రెండు, మూడు, నాలుగు ఇస్తే రెండు, ఐదు, తొమ్మిది అంటాను. పది లైన్ల పని ఒక్క లైనులో అయిపోయిందని జయచంద్ర స్నేహితులకు ఫోనులో గొప్పలు చెప్పుకునేవాడు. తక్కువ రాస్తే ఎక్కువ తెలివి అని మనుషులకో నమ్మకం. నేనూ ఉబ్బిపోయాను, అబద్ధమెందుకు.

అంతలో తుఫాను వచ్చింది. పొద్దున్నే కరెంటు పోయింది. ఎండ లేదు, నీళ్లలో గాలి లేదు. నీటిని చిలికే ఏరియేటర్లు ఆగితే గంట తిరక్కుండా రొయ్య చచ్చిపోతుంది. పోయిన పంట తెగులుకు పోయింది. ఇది కూడా పోతే లీజు ఉండదు, ఆ ముగ్గురూ గట్టు దిగి ఎటైనా పోవలసిందే. అద్దెకు తెచ్చిన పెద్ద జనరేటర్ ఒక్కటే దిక్కు. అది రేపటిదాకా ఎంత డీజిలు తాగుతుందో ఎవరికీ అంచనా లేదు.

మధ్యాహ్నం ఏడుకొండలు ట్రాక్టర్ దగ్గరికి నడిచాడు.

"రోడ్డు ఇంకా తేలే ఉంది. ఒక డ్రమ్ము డీజిలు ఏసుకొచ్చేత్తాను."

"ఆగన్నయ్యా, గాలికి చెట్లు పడిపోతన్నాయి. లెక్క చూసి చెప్తాను," అన్నాడు జయచంద్ర.

జనరేటర్ కరెంటుతోనే కంప్యూటర్ వెలిగించి, ఉన్న డీజిలు మొదట, ఆ తర్వాత జనరేటర్ మీది చీటీ చూసి రేపు పొద్దుటిదాకా గంటగంటకూ అయ్యే ఖర్చు వరుసగా రాశాడు. మైనస్ నొక్కాడు. పక్కనే నన్ను నొక్కాడు.

అక్కడే తప్పు జరిగింది. ఆ భాష కుడి నుంచి ఎడమకు లెక్క కడుతుంది. పది లీటర్లలో మూడు పోయి, మరో రెండు పోతే ఎంత? మీరు ఐదంటారు. మైనస్ పక్కన నేనుంటే ముందు మూడులోంచి రెండు తీస్తాను, మిగిలిన ఒకటిని పదిలోంచి తీస్తాను. తొమ్మిది! ఒక గంట తాగిన డీజిలు మరుసటి గంటకు మళ్లీ డ్రమ్ములోకి వచ్చి కూర్చుంటుంది. అతను ముందు ఒక్క గంట ఖర్చుతో సరిచూసుకున్నాడు. ఒక్క గంటకైతే సరిగ్గానే వస్తుంది. పైగా మధ్యలో వచ్చే అంకెలన్నీ దాచేసి, ఎక్కడైనా సున్నా కిందికి పోతుందా అని మాత్రమే అడిగాడు. పోదు అని వచ్చింది.

చూడరా నాయనా, ఆ వరుసంతా ఒక్కసారి తెరిచి చూడు అని అరవాలనిపించింది. మీటకు నోరెక్కడిది? నొక్కితే కిందికి పోవడం, వదిలితే పైకి రావడం, అంతే నా బతుకు.

"ఎల్లకన్నయ్యా, పొద్దుటిదాకా సరిపోద్ది."

వీరవేణి ట్రాక్టర్ తాళం తీసుకుని కొంగున ముడేసుకుంది. "మరిది చెప్తన్నాడు కదా. గాలిలో ఎల్లి చెట్టు కింద పడితే నాకెవరు దిక్కు?"

రెండింటికి ఉప్పుటేరు పొంగి రోడ్డు మునిగింది. నాలుగింటికి జనరేటర్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

ముగ్గురూ నడుం లోతు నీళ్లలోకి దిగి పళ్లేలతో, తెడ్లతో, చేతులతో నీటిని కొట్టారు. అన్ని ఎకరాల నీటిని ఆరు చేతులు ఎంతసేపు చిలుకుతాయి? రొయ్యలు తేలాయి. మీసాలు పైకెత్తి గట్టు వారకు వచ్చి, ఒకదాని మీద ఒకటి పడి ఆగిపోయాయి. ఏడుకొండలు చీకటి పడేదాకా కొడుతూనే ఉన్నాడు. వీరవేణి అతన్ని చెయ్యి పట్టుకుని ఒడ్డుకు లాక్కొచ్చింది.

కరెంటు వచ్చాక జయచంద్ర ఆ లైను తెరిచాడు. దాచిన అంకెలన్నీ బయటికి తీశాడు. డీజిలు తగ్గి, పెరిగి, తగ్గి, పెరిగింది. తర్వాత ప్లస్ పక్కన నన్ను పెట్టి గంటగంటకూ ఖర్చు పోగుచేసి, ఉన్నదాంట్లోంచి తీసేశాడు. నేను ఈసారి నిజం చెప్పాను. ఆ నిజం చెప్పినందుకు నాకు ఏడుపొచ్చింది.

వీరవేణి వెనక నిలబడింది. "ఇప్పుడు సరిగ్గా వత్తందా?"

"వత్తంది వదినా."

"ఏం చెప్తంది?"

"నాలుగింటికి అయిపోద్దని."

"ఆ మధ్యాహ్నమే చెప్పేదా?"

అతను తలూపాడు. ఆమె గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది.

"మీ అన్నయ్యకి చెప్పకు," అంది చివరికి. "అద్దె జనరేటర్ ఎక్కువ తాగేసింది, తుఫాను తీసుకుపోయింది అనే అనుకుంటన్నాడు. అలాగే అనుకోనీ."

బయట రొయ్యల్లేని చెరువు వైపు నుంచి ఏడుకొండలు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏటి జయా, ఇంకా అదే చూత్తన్నావా? లెక్కలో ఏవైనా తేడా ఉందా?"

జయచంద్ర వేలు నా మీదే ఉంది.

"లేదన్నయ్యా," అన్నాడు.