కడుపులో హమాలీలు

సావిత్రమ్మ రోజూ మొగుడికి అన్నం పెట్టి, ఆయన చెయ్యి కడుక్కోగానే, కడుపు వైపు ఓ చెవి పడేసి కూర్చుంటుంది. వంట ఎట్లా కుదిరిందో చెన్నకేశవులు పెళ్ళయిన నాటి నుంచీ నోరు తెరిచి చెప్పిన పాపాన పోలేదు. చెప్పేది ఆయన పేగుల్లో ఉండే హమాలీలు. కందిపప్పు తిన్న కాసేపటికి, "దించండ్రా, దించండి! ఏం ఉడికించిందిరా ఆ తల్లి, వెన్న మాదిరి జారుతా ఉండాది" అని పెద్ద హమాలీ గొంతు లోపలి నుంచి వినిపిస్తుంది. ఆ మాటతో ఆమెకు సగం కడుపు నిండుతుంది. ఒకరికి మోకాళ్ళు కటకటమంటాయి, ఒకరు గురకపెడతారు, చెన్నకేశవులుకు హమాలీలు. గిద్దలూరు దగ్గరి ఆ పల్లెలో దీన్ని ఎవరూ పట్టించుకోరు.

కంది కోసిన చేలో నడుస్తుంటే చెప్పు తెగి, ఒక మోడు ఆయన అరికాల్లో దిగబడింది. పసుపు అద్ది ఊరుకున్నాడు. కాలు వాచి చీము పట్టాక గానీ గిద్దలూరు పోలేదు. డాక్టర్ అరుణకుమారి చీము తీసి కట్టు కట్టి, క్యాప్సూళ్ళు రాసిచ్చి, ఖాళీ కడుపుతోనే మింగాలని మరీ మరీ చెప్పింది.

ఆ మాట సావిత్రమ్మ చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు. అసలే మందు వేడి, పైగా మనిషి నీరసంగా ఉన్నాడు, ఉత్త కడుపున మింగిస్తే ఇంకేమన్నా ఉందా? పొద్దున తలకాయ కూర, మధ్యాహ్నం కోడిగుడ్లు, వాటి మీద క్యాప్సూల్. అది చాలదన్నట్టు పక్కింటి సరోజమ్మ వచ్చి, కళ్ళు మూసుకుని ఆయన కాలి కోసం ప్రార్థన చేసి, పోతూ పోతూ నాటుకోడి పులుసు పెట్టిపోయేది.

వాపు తగ్గకపోగా చీలమండ దాటింది. మళ్ళీ పోతే డాక్టరమ్మ మొహం మాడిపోయింది.

"సోమవారం దాకా చూస్తా. తగ్గకపోతే ఒంగోలు పోవాల్సిందే. పాదం తీసెయ్యమన్నా తీసెయ్యమంటారు."

సావిత్రమ్మ మొగుడి కాలు వైపు చూసింది. సేద్యం చేసే మనిషి పాదం లేకుండా ఏ గట్టు మీద నిలబడతాడు?

డాక్టరమ్మ స్టెతస్కోపు గుండె మీంచి తీసి కడుపు మీద పెట్టింది. "ఏమయ్యా పెద్దాయనా, మందు అందుతా ఉందా?"

"ఏ మందమ్మా?" పెద్ద హమాలీ లోపలి నుంచి కసిరాడు. "మాంసం, గుడ్లు, కోడి, ఒకదాని మీద ఒకటి! మాకు నడుములు పడిపోతా ఉండాయి. ఎవరో కొత్తోళ్ళు వచ్చి నిలబడినారు. ఆగండయ్యా అన్నాం. చూసి చూసి కిందికి ఎల్లిపోయినారు."

డాక్టరమ్మ సావిత్రమ్మ వైపు తిరిగింది. "విన్నావా తల్లీ? పప్పూ మాంసం అరిగి చిన్న ముక్కలయితే, వాటిని పేగు గోడ దాటించేది వీళ్ళే. ఈ మందు పోలిక కూడా ఆ ముక్కల పోలికే. అందుకే వీళ్ళు మోస్తారు. వీళ్ళు మొయ్యకపోతే అది రక్తంలోకి పోలేదు. నువ్వేమో లారీలకు లారీలు దించుతున్నావు."

తన చేతి ముద్దే ఆయన కాలికి అడ్డం పడిందా అని సావిత్రమ్మ బస్సులో ఇంటిదాకా ఏడ్చింది.

మర్నాడు సరోజమ్మ గిన్నెతో రానే వచ్చింది. సావిత్రమ్మ గిన్నె అందుకుని, మూత మీద చెయ్యి పెట్టి, గడపకు అడ్డంగా కూర్చుంది.

"ఇప్పుడు గాదు సరోజమ్మా."

"అదేంది వదినా, మనిషి ఎండిపోతా ఉంటే!"

"ఎండనీ. కాలుండి ఎండితే చాలు."

"ఆకలే..." అని లోపల్నుంచి చెన్నకేశవులు.

"నువ్వు ఊరుకో!"

ఆ ఇంట్లో అన్నం అడిగిన మనిషిని ఊరుకోమన్నది అదే మొదలు. ఆ మాట అని తనే కొంగు నోట్లో కుక్కుకుంది.

పని లేక హమాలీలు గొణుక్కుంటున్నారు. "పొద్దుననగా ఒక్క ముద్దా దిగలేదేంది? అమ్మకు ఒంట్లో బాగుండాదో లేదో."

నీకు బాగుందా అని ఆమెను ఎవరైనా అడిగి ఎన్నేళ్ళయిందో! కళ్ళు తుడుచుకుని క్యాప్సూల్ మింగించింది. కాసేపటికి లోపల విచారణ మొదలయింది.

"ఎవురయ్యా నువ్వు? ఏ ఊరు? ఎవరి తాలూకు?"

క్యాప్సూల్ నోరు మెదపలేదు. సావిత్రమ్మ మొగుడి కడుపు మీదికి వంగింది.

"నాయనా, ఆయన మన కందిపప్పుకు చుట్టమే. మొకం చూడండి. నా మాట మీద ఎత్తండి."

లోపల హమాలీలు క్యాప్సూల్ చుట్టూ మూగిన అలికిడి.

"అవున్రోయ్, పోలిక ఉండాది! అమ్మ చెప్పింది గదా, మనోడే. ఎత్తండ్రా!"

అప్పటి నుంచి ప్రతి పూటా ముందు చుట్టం, ఆ తర్వాత చాలాసేపటికి ముద్ద. సోమవారం డాక్టరమ్మ కట్టు విప్పి, నొక్కి చూసి, "ఒంగోలు అక్కర్లేదు" అంది. సావిత్రమ్మ వంగి ఆ కాలు నిమిరింది.

కాలు పూర్తిగా మానిన రోజు కందిపప్పు, గోంగూర చేసింది. చెన్నకేశవులు గిన్నె ఖాళీ చేసి మంచం మీద వాలాడు. ఆమె చెవి వేసి కూర్చుంది. "దించండ్రా" అన్నారు గానీ, పప్పు ఎట్లా ఉందో ఒక్క మాటా రాలేదు. చిన్నబుచ్చుకుని వంటింట్లోకి పోయింది.

అప్పుడు పెద్ద హమాలీ గొంతు తగ్గించి ఆయనతో అన్నాడు. "అయ్యా, ఇన్నేళ్ళూ ఆ మాట కూడా మేమే మోసినాం. ఇప్పుడు కాలు బాగయింది గదా. లేచి పోయి నువ్వే చెప్పుకో."

చెన్నకేశవులు లేచాడు. కొత్తగా మానిన పాదం నేల మీద మెల్లగా ఆనించుకుంటూ వంటింటి గడప దాకా నడిచాడు.

"పప్పు..." అన్నాడు.

"ఏంది, ఉప్పెక్కువయిందా?"

"బాగుండాది."

లోపల హమాలీలు పని ఆపి విన్నారు.