మంచు చప్పుడు పంపమన్న భూమవ్వ

కరకర... కరకర...

సైకిల్ టైర్ల కింద మంచు నలుగుతోంది.

మోకాలి లోతు మంచు. ఎనభై రెండో సంవత్సరం చలికాలంలో, దుబాయ్ పక్కనున్న ఉమ్ అల్ క్వైన్ సముద్రం ఒడ్డున, ఆ మంచును చీల్చుకుంటూ పోచన్న పనికి పోయేవాడు. గల్ఫ్ మొత్తంలో అంతటి మొనగాడు ఇంకొకడు లేడు.

మోకాలి లోతంటే... చీలమండ దాకా అనుకోండి.

సరే, టైరు తడిసేంత.

అది ఆకాశం నుంచి పడింది కూడా కాదు. పోచన్న పనిచేసే ఐసు ఫ్యాక్టరీ నుంచి చేపల బండ్లు తెల్లవారుజామున బయలుదేరేటప్పుడు, గేటు ముందు దంచిన ఐసు రాలేది. ఎండెక్కే దాకా రోడ్డు తెల్లగా — మక్కపేలాలు ఆరబోసినట్టు.

పోచన్నకు రాయడం రాదు. ఊళ్లో ఉన్న భార్య భూమవ్వకు చదవడం రాదు. అందుకని క్యాసెట్లో మాట్లాడి, ఊరికి పోయేవాళ్ల చేత పంపేవాడు. మంచు సంగతీ అలాగే చెప్పాడు.

ఫ్యాక్టరీ సంగతి చెప్పలేదు.

జవాబు మరో క్యాసెట్లో వచ్చింది.

“ఏమయ్యా, బర్రెంత చేపను పట్టిన అంటివి. దసరకు వస్త అంటివి, రాకపోతివి. ఇప్పుడు మంచు అంటున్నవ్, ఎండకాలం వస్త అంటున్నవ్. ఆ మంచు సప్పుడు నాకు ఇనిపియ్యి. అది నిజమైతే నువ్వు వచ్చుడు గూడ నిజమనుకుంట.”

ఈసారి సెలవు నిజంగానే మంజూరైంది.

నమ్మే మనిషే మిగల్లేదు.

క్యాసెట్ తీసుకుపోతానన్న ఊరివాడు ఆశన్న బయలుదేరే రోజు, పొద్దున్నే పోచన్న టేప్‌రికార్డరును తువ్వాలతో హ్యాండిల్‌కు కట్టుకుని ఫ్యాక్టరీకి తొక్కాడు. గేటు ముందు ఆగాడు.

రోడ్డు నల్లగా ఉంది...

రాత్రి గాలికి పడవలు పోలేదు. పడవలు పోక చేపలు లేవు. చేపలు లేక బండ్లు లేవు.

తోటి పనివాడు ఇమామ్ హుస్సేన్, నిజామాబాద్ మనిషి, ఎగాదిగా చూశాడు.

“ఏంది భాయ్, సైకిల్‌కు పాటలు ఇనిపిస్తున్నవా?”

“మా భూమవ్వ మంచు సప్పుడు అడిగింది. క్యాసెట్ కోసం ఆశన్న టాక్సీల వస్తుండు.”

ఇమామ్ హుస్సేన్ ఫ్యాక్టరీలోకి పోయాడు. లోపలి నుంచి పగిలిన ఐసు గడ్డ ఒకటి ఈడ్చుకొచ్చి, సుత్తితో దంచి, రోడ్డు మీద చల్లాడు.

“యల్లా, తొక్కు. ముదీర్ చూస్తే ఇద్దరి నౌకరీ ఖలాస్.”

పోచన్న మీట నొక్కాడు.

కరకర... కరకర...

ఎంత బాగుందో. భూమవ్వ ఇసుర్రాయి ముందు కూర్చుని పెసర్లు విసురుతున్నట్టే. కళ్లు మూసుకుని విన్నాడు. సైకిల్ మీద ఉన్నవాడు కళ్లు మూసుకోవచ్చునా?

ముందు చక్రం జారింది.

సైకిల్ ఒకవైపు, పోచన్న ఒకవైపు, “ఓ అవ్వా” అన్న కేక ఒకవైపు. ఇమామ్ హుస్సేన్ నవ్వు అన్నివైపులా.

చెరిపి మళ్లీ రికార్డు చేద్దామనుకునేలోపు టాక్సీ వచ్చి హారన్ కొట్టింది. ఆశన్న చెయ్యి చాపాడు. క్యాసెట్ అలాగే పోయింది.

జవాబు రావడానికి నెలన్నర పట్టింది.

ఆ నెలన్నరా పోచన్న గొప్పలు చెప్పలేదు. క్యాంపులో అందరూ జ్వరమనుకున్నారు.

“మంచో గించో, నాకు సమజ్ కాలే,” అంది భూమవ్వ జవాబులో. “నువ్వు పడ్డ సప్పుడు మాత్రం నిజం. గంత మంచిగ అబద్ధమాడుడు నీతోని కాదు. మోకాలు పగిలిందా? పసుపు పెట్టినవా? ఎండకాలం రా.”

అని, కిసుక్కున నవ్వింది.

మంచు ఉన్నమాటే. పడటం ఉన్నమాటే. ఆ నవ్వు మాత్రం నేను కల్పించింది.

‘రా’తోనే జవాబు అయిపోయింది. టేపు ఊరికే తిరిగింది... సర్‌ర్‌ర్...

పోచన్న ఆపలేదు. చెవి ఆనించుకుని, చివరిదాకా అలాగే విన్నాడు.